వాడని తోరణం: దీవుల తెలుగిళ్ళలో ఉగాది అల్లికలు

చైత్ర శుద్ధ పాడ్యమి నాడు గుమ్మానికి మామిడాకుల తోరణం కట్టడం తెలుగువారి ఆచారాలలో అతి సామాన్యమైనది. దానికి పురోహితుడు అక్కరలేదు, మంత్రం అక్కరలేదు. చేతికందిన కొమ్మ, మూరెడు పురికొస, గుమ్మానికి అటూ ఇటూ రెండు మేకులు ఉంటే చాలు. అంత సామాన్యం కాబట్టే కాబోలు, కళావిమర్శ దానివైపు చూసిన సందర్భాలు తక్కువ. ఆ తోరణాన్నే నూలుతోనో ఊలుతోనో అల్లి కట్టే అలవాటువైపు చూసిన సందర్భాలు మరీ తక్కువ. ఒకవేళ ప్రస్తావన వచ్చినా అది ఆకుకు నకలనీ, ఆడవారి తీరిక వేళల కాలక్షేపమనీ రెండు మాటలతో సరిపెట్టడం రివాజు. ఈ రెండు మాటలూ పరీక్షకు నిలవవు. మొదటిది రూపాన్ని సరిగా చూడకపోవడం వల్ల వచ్చింది. రెండోది శ్రమను లెక్కించకపోవడం వల్ల వచ్చింది. అండమాన్ నికోబార్ దీవులలో స్థిరపడిన తెలుగువారి ముంగిళ్ళ నుంచి ఈ విషయాన్ని పరిశీలిస్తే ఆ లోపాలు మరింత స్పష్టంగా తెలుస్తాయి.

దీవులలో తెలుగువారి సంఖ్య చిన్నది కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ కేంద్రపాలిత ప్రాంతపు జనసంఖ్య 3,80,581. అందులో నూటికి పదమూడుమందికి పైగా తెలుగును మాతృభాషగా నమోదు చేయించుకున్నారు. బెంగాలీ, హిందీ, తమిళం తరవాత నాలుగో స్థానం తెలుగుదే. వీరిలో అధికులు ఉత్తరాంధ్ర తీరం నుంచి, ముఖ్యంగా శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి చేపలవేటకూ, కట్టడపు పనులకూ, చిల్లర వర్తకానికీ, ప్రభుత్వోద్యోగాలకూ వచ్చి నిలిచిపోయినవారు. పోర్టు బ్లెయర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమని పేరు మారింది. ఆ నగరంలోని జంగ్లీఘాట్ వంటి పేటలలో తెలుగు వినబడని వీధి అరుదు. విశాఖ రేవు నుంచి అక్కడికి సముద్రం మీద సుమారు 1200 కిలోమీటర్లు. ఓడలో దాదాపు రెండున్నర రోజుల ప్రయాణం.

ఈ దూరాన్ని దాటి వచ్చిన ఉగాదికి ఒక చిక్కు ఉంది. ఉగాది వసంతపు పండుగ. తెలుగునేల మీద శిశిరంలో ఆకు రాలుతుంది, చైత్రానికి చిగురు తొడుగుతుంది, మామిడి పిందె వేస్తుంది, వేప పూస్తుంది. పంచాంగం చెప్పక ముందే చెట్టు చెబుతుంది. దీవులలో అలా కాదు. ఏడాది పొడుగునా ఎండ వేడిమిలో పెద్ద మార్పు లేదు. మే నెల నుంచి మార్గశిరం దాకా వానలే వానలు, మొత్తం మీద మూడు వేల మిల్లీమీటర్ల వరకు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా కొంత పొడి కాలం. ఆ పొడి కాలంలో ఆకు రాల్చే పడౌక్ వంటి చెట్లు లేకపోలేదుగాని, అడవిలో అధికభాగం నిత్యహరితం. చలి లేనిచోట చలి వెళ్ళిపోయిన సంబరం ఎక్కడిది? అందువల్ల దీవులలో వసంతం కొమ్మ మీదికన్న ముందు కాగితం మీదికి, అంటే పంచాంగంలోకి వస్తుంది. ఆపైన మనుషులు దాన్ని గుమ్మానికి కట్టి ఇంట్లోకి తెచ్చుకోవాలి.

అయితే ఇక్కడ ఒక తొందరపాటు వాదానికి తావివ్వకూడదు. దీవులలో మామిడాకు దొరకదు కనుక దారంతో అల్లుకున్నారని ఎవరైనా అనవచ్చు. అది నిజం కాదు. దీవులలో మామిడి చెట్లకు కొదవలేదు. మాంజిఫెరా అండమానికా అని వృక్షశాస్త్రజ్ఞులు పేరుపెట్టిన అడవి మామిడి జాతి ఈ దీవులకే ప్రత్యేకం కూడా. ఆకు లేక దారం పట్టలేదు. ఆకు ఉండగా పట్టారు. తెలుగునేల మీదా అంతే. పెరటిలో మామిడి చెట్టు ఉన్న ఇళ్ళలో సైతం నడిమి గుమ్మానికి అల్లిక తోరణం వేలాడుతూ ఉంటుంది. కాబట్టి దాన్ని కొరతకు తెచ్చుకున్న ప్రత్యామ్నాయంగా కాక, ఎంచుకున్న రూపంగా చూడడం న్యాయం.

ఇక నకలు అన్న ఆక్షేపణ సంగతి. సంస్కృతంలో తోరణమంటే ద్వారం. తెలుగు వాడుకలో ద్వారానికి కట్టిన దండ తోరణమైంది. ద్వారమనే అర్థంలో భారతీయ శిల్పంలో ప్రసిద్ధికెక్కిన తోరణాలు సాంచీ స్తూపానివి, క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దికి చెందినవి. అవి రాతివే అయినా వాటి కట్టుబడి వడ్రంగిది. నిలువు స్తంభాల మీద అడ్డు దూలాలు ఎక్కించిన తీరు కొయ్య పనికి సహజం. రాయికి ఆ అవసరమే లేదు. పైగా దక్షిణ తోరణం మీద ఒక శాసనం ఆ శిల్పాలలో కొంత పని విదిశ నగరపు దంతకారులదని చెబుతుంది. ఏనుగుదంతం చెక్కిన చేతులు రాయి చెక్కాయి. కొయ్య నేర్పిన రూపాన్ని రాయి ధరించింది. దాన్ని ఏ చరిత్రకారుడూ కొయ్యకు నకలని తీసిపారేయలేదు. వరంగల్లు కోటలో కాకతీయులు నిలిపిన నాలుగు తోరణాలనూ అలా అనలేదు. ఒక పదార్థం నుంచి మరో పదార్థంలోకి రూపం ప్రయాణించడం శిల్పచరిత్రలో నిత్యం జరిగేదే. రాజులు చేయించినప్పుడు అది పరిణామం, గృహిణి చేసినప్పుడు అది నకలు కావడమెలాగో విమర్శకులే చెప్పాలి.

ఆకు సజీవం, దారం నిర్జీవం అనే మాటలోనూ పస తక్కువ. పండుగనాడు ఉదయం కట్టిన మామిడాకు మర్నాటికి అంచులు ముడుచుకుంటుంది. వారానికి గోధుమవన్నె తిరుగుతుంది. ఆపైన తీసేవారు తక్కువ. శ్రావణమాసం దాకానో వినాయకచవితి దాకానో అలాగే గలగలలాడుతూ వేలాడుతుంది. ఎండుటాకును నెలల తరబడి సహించే కన్ను దారపు ఆకును సహించలేకపోవడం వింతే. దారపు తోరణాన్ని పండుగ వెళ్ళగానే దులిపి, ఉతికి, ఆరవేసి, మడిచి పెట్టెలో పెట్టేవారున్నారు. ఇక్కడ తెలుగు మాట ఒక తమాషా చేస్తుంది: వాడని తోరణమంటే వడలని తోరణమనీ, వాడుకలో లేనప్పుడు దాచిన తోరణమనీ రెండర్థాలూ వస్తాయి. రెండూ దీనికి చెల్లుతాయి. ఏటా కొత్తగా తుంచే ఆకు కాలం గడిచిపోవడాన్ని చూపిస్తే, ఏటా పాతదే తిరిగివచ్చే తోరణం కాలం తిరిగి రావడాన్ని చూపిస్తుంది. ఉగాది రెండింటికీ పండుగే.

దారం వల్ల పోయేవీ ఉన్నాయి. గాటు తగిలిన మామిడాకు వాసన ఏ నూలుకూ రాదు. పిల్లలు చెట్టెక్కి రెమ్మలు విరవడం, కింద ఒకరు అందుకోవడం, మరొకరు ఆకు మడిచి పురికొసకు గుచ్చడం, ఈ ఉమ్మడి సందడి అల్లికలో లేదు. ఆకు తోరణం ఇంటిల్లిపాదీ అరగంటలో చేసేది. దారపు తోరణం ఒక్క మనిషి ఎన్నో సాయంత్రాలలో చేసేది. ఈ నష్టాన్ని ఒప్పుకోకుండా అల్లికను పొగడడం అన్యాయమవుతుంది.

అల్లిక లోపలి పనితనాన్ని చూడకుండా దాని విలువ కట్టడం కుదరదు. తెలుగిళ్ళలో ఈ పని రెండు తీరులుగా సాగుతుంది. ఒకటి కొక్కెపు సూదితో చేసే లేసు అల్లిక. రెండోది జంట సూదులతో చేసే ఊలు అల్లిక. కొక్కెపు అల్లికలో ముందు గుమ్మం వెడల్పుకు సరిపోయే గొలుసు అల్లుతారు. దారాన్ని ఉచ్చులోంచి లాగి, ఆ లాగిన ఉచ్చులోంచి మళ్ళీ లాగుతూ పోతే గొలుసవుతుంది. దాని మీద రెండు మూడు వరసలు వేస్తే పట్టీ తయారు. పట్టీకి వేలాడే ఒక్కొక్క ఆకూ ఇరవై ఉచ్చుల చిన్న గొలుసుతో మొదలవుతుంది. ఆ గొలుసుకు ఒక పక్కన పొట్టి కుట్టు, పొడవు కుట్టు, మళ్ళీ పొట్టి కుట్టు వేసుకుంటూ పోయి, కొస తిరిగి రెండో పక్కన అదే వరస వేస్తే నడుమ ఉబ్బి, కొనలు సన్నగిల్లిన ఆకు దానంతటదే ఏర్పడుతుంది. జంట సూదుల పనిలో ఇంకా సులువు. ఒక్క కుట్టుతో మొదలుపెట్టి వరసకొక కుట్టు చొప్పున పెంచుకుంటూ పోయి, బెత్తెడు వెడల్పు రాగానే కుట్లు మూసేస్తే ముక్కోణపు జెండా. అలాంటివి ఏడో తొమ్మిదో, నడుమ ఒకటి వచ్చేలా బేసి సంఖ్యలో, వరసగా గుచ్చితే తోరణం. సూది పట్టడం నేర్చిన నెలకే పదేళ్ళ పిల్ల చేయగలిగిన పని ఇది. ఊలును అట్టముక్క చుట్టూ చుట్టి, నడుమ బిగించి, అంచులు కత్తిరించిన బంతిపూలు దీనికి సర్వసాధారణమైన తోడు.

విమర్శకు ముఖ్యమైన విషయం ఇది: ఈ సాదా తోరణాలే ఉత్తమమైనవి. పని ముదిరినకొద్దీ రూపం చెడిపోవడం ఈ కళలో తరచు కనిపిస్తుంది. లేత పచ్చదారంతో ఆకుకు ఈనెలు తీర్చడం, అంచుకు ప్లాస్టిక్ ముత్యాలు కుట్టడం, జరీ తళుకులూ అద్దాలూ అతకడం, నిటారుగా నిలవాలని లోపల తీగ దూర్చడం, వెనక అట్ట అంటించడం, ఇవన్నీ దారాన్ని దారం కానట్టుగా చూపడానికి పడే పాట్లు. అప్పుడే అది నిజంగా నకలవుతుంది. తోరణాన్ని చూసే చోటు గుమ్మం. చూసేవారు దాని కిందుగా నడిచి లోపలికి వెళతారు. ఆగి, ముక్కు దగ్గర పెట్టుకుని చూడరు. అక్కడ ఈనెల నైపుణ్యం కనబడదు. కనబడేది రంగు, ఆకుల నడుమ ఎడం, గాలికి కదలిక, కుట్ల సందులలోంచి వచ్చే వెలుతురు. సముద్రపు గాలి సదా వీచే దీవుల ఇళ్ళలో కదలిక మరీ ముఖ్యం. బరువు తక్కువైన వదులు అల్లిక ఆ గాలికి ఊగుతుంది. ముత్యాల బరువు మోసేది కదలక మెదలక వేలాడుతుంది.

పదార్థం విషయంలోనూ దీవుల వాతావరణం ఒక పరీక్ష పెడుతుంది. నూలుదారం తేమను పీల్చి సాగుతుంది, వానాకాలంలో బూజు పడుతుంది. అందుకే పొడి నెలల్లో కట్టి, వానలు మొదలుకాక ముందే విప్పడం మంచిది. ఉగాది సరిగ్గా ఆ పొడి నెలల చివర రావడం దాని అదృష్టం. ఊలు అని బజారులో పిలిచే దానిలో అధికభాగం గొర్రె బొచ్చు కాదు, ఆక్రిలిక్. దానికి తేమ భయం తక్కువ. కాని దాని పచ్చదనం మరీ కొట్టవచ్చినట్టుంటుంది. తెల్లని నూలు తోరణం పచ్చని ఊలు తోరణం కంటె తృప్తికరంగా ఉండడానికి కారణం అదే. అది మామిడాకు రంగు జోలికే పోదు. ఆకారాన్ని మాత్రం తీసుకుని రంగును వదిలేస్తుంది. పోలిక చాలినంత ఉంటుంది, మోసం ఉండదు.

ఈ తెల్లదారం వెనక ఉన్న చరిత్ర ఆసక్తికరమైనది. కొక్కెపు సూది లేసు తెలుగునాట పాతకాలపు విద్య కాదు. పంతొమ్మిదో శతాబ్దిలో గోదావరి తీరానికి వచ్చిన క్రైస్తవ మిషనరీ కుటుంబాలు దాన్ని నేర్పాయి. స్కాట్లండు నుంచి వచ్చిన మెక్రే పేరు, 1844 అనే సంవత్సరం, భద్రాచలం దగ్గరి దుమ్ముగూడెం అనే చోటు ఈ సందర్భంలో సాధారణంగా చెప్పుకుంటారు. అక్కడినుంచి ఆ విద్య దిగువకు పాకి, నర్సాపురం, పాలకొల్లు పరిసరాలలో వేలాది స్త్రీల చేతిపనిగా, ఐరోపాకు ఎగుమతి సరుకుగా స్థిరపడింది. నర్సాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అంటే ఉగాదినాడు హిందూ గృహపు గుమ్మానికి వేలాడే దారపు ఆకులో కుట్టు మిషను పాఠశాలది, ఆకారం మామిడిది. ఈ కలయిక ఎవరో పథకం ప్రకారం చేసింది కాదు. నేర్చిన చేతులు తమ పండుగకు తాము వాడుకున్నాయి, అంతే.

ఆ కుట్టును తెచ్చినవారి పండుగ కూడా ఉగాదికి పొరుగునే ఉండడం గమనార్హం. ఈస్టరు లెక్క వసంత విషువత్తునూ, ఆ తరవాతి పున్నమినీ ఆధారం చేసుకుంటుంది. ఉగాది లెక్క అమావాస్యను. అందువల్ల చాలా సంవత్సరాలలో ఉగాది వెళ్ళిన రెండు మూడు వారాలకు ఈస్టరు వస్తుంది. 2023లో ఉగాది మార్చి 22న, ఈస్టరు ఏప్రిల్ 9న. 2025లో మార్చి 30న, ఏప్రిల్ 20న వచ్చాయి. ఈస్టరుకు ముందువచ్చే ఆదివారాన్ని తెలుగు క్రైస్తవులు మట్టల ఆదివారమంటారు. ఆనాడు చేతుల్లో ఉండేదీ ఆకే. క్రైస్తవులు అధికసంఖ్యలో ఉన్న నికోబారు దీవులలో పండుగ అలంకరణకు లేత కొబ్బరాకు ప్రధానం; అక్కడ చాప అల్లే చేతికి ఆకు చీల్చి మడవడం వెన్నతో పెట్టిన విద్య. దీవులలో తెలుగువారి దారపు మామిడాకు, నికోబారీల కొబ్బరాకు ఒకే ఋతువులో వేరువేరు గుమ్మాలకు వేలాడతాయి. ఒకరిది ఇంకొకరు చూసే అవకాశం మాత్రం తక్కువ, ఎందుకంటే 1956 నాటి ఆదిమజాతుల రక్షణ నిబంధనల ప్రకారం నికోబారుకు అనుమతి లేనిదే వెళ్ళరాదు. ఆ ఆంక్ష అవసరమైనదే.

దారంతో వసంతాన్ని పలకరించడం లోకంలో ఇంకెక్కడా లేదనుకోనక్కరలేదు. బ్రిటనులో కోడిపిల్ల ఆకారపు ఊలు తొడుగులు అల్లి, లోపల చాక్లెట్ గుడ్డు ఉంచి, ఈస్టరు వేళ ధర్మకార్యాలకోసం అమ్ముతారు. బల్గేరియా, రుమేనియా దేశాలలో మార్చి 1న ఎరుపు, తెలుపు దారాలు పేని మణికట్టుకో ఉడుపుకో కట్టుకుంటారు. పూసిన చెట్టు కనబడ్డాక చాలామంది దాన్ని విప్పి కొమ్మకు కడతారు. ఉత్తర మాసిడోనియా, మాల్డోవాలతో కలిపి ఆ నాలుగు దేశాల మార్చి ఆచారాలను 2017లో యునెస్కో మానవాళి అభౌతిక వారసత్వపు జాబితాలో చేర్చింది. అక్కడి వస్తువులో పనితనం ఎంత? రెండు రంగుల దారపు పేట, రెండు కుచ్చులు. దాని విలువ పనితనపు గొప్పలో లేదని ఆ దేశాల సాంస్కృతిక శాఖలు గుర్తించాయి. మన శాఖల ప్రదర్శనలలో బహుమతులు మాత్రం ఇప్పటికీ ముత్యాలు ఎక్కువ కుట్టినవాటికే వెళుతుంటాయి.

కాలక్షేపం అన్న రెండో మాటకు జవాబు కూడా నర్సాపురంలోనే ఉంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ (ఆమె 2023లో మరణించారు) 1970ల చివర ఆ ప్రాంతంలో పరిశోధన జరిపి, లేసు అల్లే స్త్రీలపై 1982లో ఒక గ్రంథం ప్రచురించారు. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు సూది పట్టిన స్త్రీకి దక్కినది రూపాయిలోపే అని ఆమె చూపించారు. విదేశీ మారకం తెచ్చే ఆ స్త్రీలు జనాభా లెక్కల్లో పనివారుగా నమోదు కాలేదు, గృహిణులుగా నమోదయ్యారు. వారిది పని కాదు, తీరిక. గడప దాటరాని కులమర్యాద గల ఇంటి స్త్రీకి ఇది గౌరవప్రదమైన వ్యాపకమని ఇంట్లోవారూ, వర్తకులూ, చివరకు ఆ స్త్రీలూ నమ్మడమే ఆ చవుకదనానికి ఆధారమైంది. పత్రికల కుట్లు–అల్లికలు శీర్షికలు కూడా తెలియకుండానే ఈ నమ్మకాన్ని పోషించాయి. ఎన్ని ఉచ్చులు, ఎన్ని వరసలు, ఎన్ని ఉండల దారం అన్నీ చెప్పే ఆ శీర్షికలు ఎన్ని గంటలు పడుతుందో చెప్పడం అరుదు. బడులలోనూ అదే తంతు. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ సంఘం సూచనతో వచ్చిన సామాజికోపయోగ ఉత్పాదక శ్రమ అనే పాఠ్యాంశం పేరులో శ్రమ ఉంది. కాని మార్కులపట్టిలో అల్లిక చివరి వరసలోనే మిగిలింది.

దీవుల తెలుగువారిలో ఒక ముఖ్యవర్గం మత్స్యకారులు. ఉత్తరాంధ్ర తీరపు మత్స్యకార కుటుంబాలలో వల అల్లడం మగవారి పని. దారం చుట్టిన కండె ఒక చేత, కన్ను కొలతకు చిన్న చెక్క మరో చేత పట్టుకుని, ముడి వెనక ముడి వేస్తూ బారలకొద్దీ అల్లేవారు. వలలో ఖాళీని కన్ను అంటారు. ఏ చేపకు ఎంత కన్ను ఉండాలో వేటగాడికి తెలుసు. నైలాను వచ్చి, యంత్రాలు నేసిన వలలు వచ్చాక కొత్త వల అల్లడం తగ్గిందిగాని, చిరిగిన కన్ను పూడ్చే పని నేటికీ చేతిదే. ఇప్పుడు లేసు పట్టీని చేతిలోకి తీసుకుని చూస్తే అదీ కన్నుల వరసే. దారం, ముడి, కొలత, ఖాళీ, ఈ నాలుగే రెండింటికీ మూలం. భర్త రేవులో కూర్చుని అల్లితే అది వృత్తి. భార్య ఇంట్లో కూర్చుని అల్లితే అది పొద్దుపుచ్చడం. వలలో చేప పడుతుంది, తోరణంలో ఏమీ పడదు కదా అంటారేమో. నర్సాపురం లేసులో ఎగుమతి వర్తకులకు మేడలు పడ్డాయి. అయినా అల్లిన స్త్రీ లెక్కల్లోకి రాలేదు. కాబట్టి తేడా ఫలితంలో లేదు, చూసే కన్నులో ఉంది.

ఈ దీవులలో నార పనికి మరో చరిత్ర కూడా ఉంది, అది చేదైనది. 1858లో మొదలైన శిక్షా స్థావరంలో, 1906లో పూర్తయిన సెల్యులర్ జైలులో ఖైదీలచేత కొబ్బరి డొక్కలు దంచించి పీచు తీయించేవారు. రోజు కోటా నిండకపోతే శిక్ష. పీచు, తాడు, నూలు అనే మాటలకు ఆ గోడల లోపల ఒక్కటే అర్థం. అదే నగరంలో, అదే ఉప్పుగాలిలో ఒక స్త్రీ ఎవరూ కోటా పెట్టకుండా, ఎవరికీ అమ్మబోకుండా తన గుమ్మానికి మూడడుగుల పట్టీ అల్లుకోవడాన్ని ఈ నేపథ్యంలో చూడాలి. నర్సాపురం లేసుకూ దీనికీ గల తేడా కూడా అక్కడే ఉంది: ఆ లేసులో నమూనా వర్తకుడిది, ఇందులో నమూనా, కొలత, ఆపే చోటు అన్నీ ఆమెవే.

దీవుల హస్తకళ అనగానే పర్యాటకుడికి గుర్తొచ్చేది గవ్వ. ప్రభుత్వ విక్రయశాల సాగరికలోనూ, బజారులోనూ గవ్వల తోరణాలూ తెరలూ వేలాడుతూంటాయి. 2001లో అనేక సముద్రజీవులను వన్యప్రాణి రక్షణ చట్టపు పట్టికలలో చేర్చాక గవ్వల వర్తకానికి హద్దులు వచ్చాయి. గవ్వ తోరణం అందమైనదే, కాని అది వెళ్ళిపోయేవారి వస్తువు. ఓడలోనో విమానంలోనో ఎక్కి దూరపు గోడకు చేరుతుంది. దారపు తోరణం ఉండిపోయినవారిది. సాంస్కృతిక శాఖల దృష్టి మొదటిదాని మీద నిలవడం సహజమే, ఎందుకంటే దానికి ధర చీటీ ఉంది.

ధర చీటీ లేనిదానికి ఇప్పుడు కొత్తగా ఒక సమస్య వచ్చింది. 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం సరుకును నేలతో ముడిపెడుతుంది. నర్సాపురం లేసు అనే పేరును ఆ గుర్తింపు హద్దులలో తయారైన పనికే వాడాలి. నకిలీ సరుకును అడ్డుకోవడానికి ఇది మంచి ఏర్పాటు. చైనా యంత్రాల లేసు పోటీని తట్టుకోవడానికి ఆ స్త్రీలకు ఇది కావాలి. కాని పశ్చిమగోదావరిలో తల్లి దగ్గర సూది పట్టడం నేర్చుకుని, పెళ్ళయి సముద్రం దాటి వచ్చిన స్త్రీ అదే దారంతో, అదే కుట్టుతో శ్రీ విజయపురంలో అల్లినదానికి ఆ పేరు చెందదు. దీవుల హస్తకళల పట్టికలోనూ దానికి చోటు లేదు, ఎందుకంటే అది దీవులలో పుట్టింది కాదు. చేతులు ప్రయాణిస్తాయన్న సంగతిని ఈ చట్టం ఊహించలేదు. సాంచీ తోరణం చెక్కిన దంతకారులు విదిశవారని శాసనం రాయించినవారు ఆ సంగతి ఎరుగుదురు.

ఈ తోరణాలకు గుర్తింపు ముద్రలు వేసి, శిక్షణ శిబిరాలు పెట్టి, ఎగుమతి లక్ష్యాలు నిర్ణయించడం వల్ల మేలుకంటె కీడే ఎక్కువ. ముద్ర పడిన మరుక్షణం ముత్యాలు కుట్టడం మొదలవుతుంది. చేయదగిన పని చిన్నది, ఖర్చు లేనిది. దీవులలో తెలుగు మాధ్యమపు బడులున్నాయి. వాటి విద్యార్థులచేత ఒక ఉగాదికి తమ ఇళ్ళ గుమ్మాల వివరాలు రాయించవచ్చు. తోరణం ఎవరు అల్లారు, ఎవరి దగ్గర నేర్చారు, ఏ ఊరినుంచి వచ్చిన దారం, ఎన్ని సాయంత్రాలు పట్టింది, ఎన్నో ఏట కడుతున్నారు, చిరిగితే ఎవరు పూడ్చారు, ఇంట్లో వల అల్లినవారున్నారా అన్న ప్రశ్నలు చాలు. ఆ పట్టికలో సాయంత్రాల సంఖ్యకు ఒక గడి తప్పనిసరిగా ఉండాలి. మామిడాకు తోరణానికీ అందులో చోటివ్వాలి, అరగంట అని రాయడానికి.